అయిదు మార్కుల మంచి

ఆ బడిలో శనివారం చివరి గంటకు ఓ అలవాటుంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఆ వారం తమకు జరిగిన చెడు ఒకటి, అందులో దొరికిన మంచి ఒకటి చెప్పాలి. చెబితే అయిదు మార్కులు. లెక్కల టీచరమ్మ పెట్టిన పద్ధతి అది. పిల్లలేమైనా తక్కువ తిన్నారా? "జ్వరం వచ్చింది టీచర్, మంచేమిటంటే పరీక్ష తప్పింది" అని ఒకడంటే, "చెప్పు తెగింది టీచర్, కొత్తవి కొన్నారు" అని ఇంకొకతె. తెగని చెప్పుల్ని కూడా తెంపి మార్కులు కొట్టేసే ఘటాలు. ఆవిడకు అదంతా ముద్దుగానే ఉండేది.

ఆ శనివారం పిచ్చుక వంతు వచ్చింది. నోరు మూతపడదని తోటిపిల్లలు పెట్టిన పేరది. ఎత్తు గోడలకు రంగులు వేసే వాళ్ళ నాన్న పరంజా మీంచి జారిపడి పోయాక ఆ నోరు కాస్తా మూతపడింది.

"మా నాన్న పోయారు," అని ఆగిపోయింది.

"కూర్చో తల్లీ" అంటే సరిపోయేది. అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా? "ఆలోచించమ్మా, ఏదో ఒక మంచి ఉంటుంది," అంది టీచరమ్మ.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "ఇదివరకు కింద పడుకునేదాన్ని. ఇప్పుడు నాన్న మంచం నాదే. అది మంచేనా టీచర్?"

ఏం చెయ్యాలో తోచక ఆవిడ అయిదు మార్కులూ వేసేసింది.

సోమవారం పిచ్చుక రాలేదు. మంగళవారమూ రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెప్పే మనిషికి ఆ సామెత ఇప్పుడు తెలిసొచ్చింది. బడి వదలగానే వాళ్ళింటికి నడిచింది.

తలుపు తీసిన తల్లి గొంతు తగ్గించి చెప్పింది. "శనివారం నుంచి మంచం ఎక్కడం లేదండీ. ఎక్కితే నాన్న పోయినందుకు సంతోషించినట్టట. బడికెళ్తే ఇంకో మంచి చెప్పమంటారని భయం. చదువే మానేస్తానంటోంది."

టీచరమ్మ లోపలికెళ్ళి, గచ్చు మీద గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల పక్కనే చతికిలబడింది.

"తప్పు నాదే తల్లీ. అడక్కూడనిది అడిగాను. మీ నాన్న పోవడంలో మంచి ఏమీ లేదు. ఆయన మంచం మీద పడుకోవడంలో తప్పూ లేదు."

పిల్ల ఇటు తిరిగింది. "మీకెవరైనా పోయారా టీచర్?"

"మా అమ్మ. నేను నీ అంతున్నప్పుడు."

"అందులో మంచేముంది?"

దానికి ఆవిడ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అమ్మ పోబట్టే తన కాళ్ళ మీద తాను నిలబడ్డానని అందరికీ చెప్పుకునేది. శనివారం పద్ధతి పుట్టిందే ఆ మాటలోంచి. ఇప్పుడది గొంతు దాటి రానంది.

"ఏం లేదమ్మా. అమ్మ ఉంటే బాగుండేది," అంది. ఇన్నేళ్ళకు, పరాయి ఇంటి గచ్చు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పిచ్చుక లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. తనూ ఏడ్చింది. నాన్న పోయాక ఆ పిల్ల కంట నీరు చూడటం తల్లికి అదే మొదలు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "రేపు బడికొస్తాను టీచర్," అంది. "మీరు ఏడ్చారని ఎవరికీ చెప్పన్లెండి."