అత్తగారి నీడ పడినంత మేర

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాక అత్తగారు పామాయిల్ తోటలోకి వెళ్లి కూర్చునేది. ఆవిడ నీడ తడిగా ఉంటుంది. పడినచోట కాసేపటికి నేల నల్లబడి, నొక్కితే వేలు దిగుతుంది. ఆవిడ ఉన్న వైపు ఇంట్లో ఎవరూ బట్టలు ఆరేయరు. అంతకుమించి ఆ సంగతి పట్టించుకోరు.

పట్టించుకున్నది మామగారొక్కరే. చెట్టు చెట్టుకీ ప్లాస్టిక్ కుర్చీ జరుపుతూ, "కొంచెం ఎడమకి. నడుం వంచకు, నీడ పొట్టిదైపోతోంది" అనేవారు. బోరు అడుగంటుతున్నా ఆయనకి దిగులు లేదు. గెలలు కోసేటప్పుడు నరికిన మట్టలన్నీ గట్టుకి లాగించి తగలబెట్టించేవారు. చెట్ల కింద నేల ఊడ్చిన వాకిలిలా ఉండాలి. ఆయన పరువంతా అందులోనే ఉంది.

సముద్రం పక్క ఊళ్లో కుట్టుషాపు నడిపే అత్తగారి చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, "చూపు ఆనడం లేదక్కా. వచ్చి నా దగ్గర ఉండవే" అని బతిమాలేది. "నేనొస్తే చెట్లకెవరు?" అని అత్తగారు ఫోన్ పెట్టేసేది. ఆ తర్వాత చాలాసేపు కొంగు అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చునేది.

ఈ వేసవి మొదట్లో కోడలు దండెం మీద దుప్పటి ఆరేస్తుంటే కాళ్ల దగ్గర చీమలబారు చెదిరింది. తన నీడ పడిన మేర దుమ్ము తడిసి ఉంది. వెనకే వచ్చిన అత్తగారు చూసి, చెప్పుకాలితో పొడిమట్టి తోసి కప్పేసింది.

"ఎప్పట్నుంచే?"

"ఇవాళే చూశాను అత్తయ్యా."

"నోరు మెదపకు. మీ మామగారికి తెలిస్తే రెండో కుర్చీ కొనుక్కొస్తారు. కొత్త కోడలిగా నేను మురిసిపోయి అందరికీ చూపించాను. ఇదిగో, ఇప్పటికీ కూర్చునే ఉన్నాను."

మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు మొదలుపెట్టింది.

"మామయ్యా, ఇకమీదట మట్టలు కాల్చొద్దు. వరసల మధ్య పరిచేద్దాం. నేలకి ఎండ తగలదు. డ్రిప్పు పొద్దున చల్లపూట కాసేపు వదిలితే చాలు."

"తోటని చెత్తకుప్ప చేద్దామంటావ్. చూసినవాళ్లు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నెలరోజులు అత్తయ్య తోటలో అడుగు పెట్టరు. చెట్లు పచ్చగా ఉంటే ఆవిడని చెల్లెలి దగ్గరికి పంపించాలి."

"చెట్లు ఎండితే?"

"ఆవిడ బదులు నేను కూర్చుంటాను, ఎన్నేళ్లయినా."

"నువ్వు కూర్చుంటే ఏమొస్తుందమ్మాయ్, ఆవులింతలా?"

మొగుడు పకపకా నవ్వాడు. అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆ నెలంతా మట్టలు ఈడ్చింది మొగుడే. "పందెం నీది, ముళ్లు నావి" అని సణుగుతూనే ఈడ్చాడు. కోడలు తోట ఛాయలకి పోలేదు. ఎండ నడినెత్తికొచ్చి నీడ పాదాల కింద ఇమిడినప్పుడే గుమ్మం దాటేది. గెలిస్తే మట్టలే గెలవాలి. తన తడి ఒక్క చుక్క కలిసినా వాదం వీగిపోతుంది.

నెల తిరిగాక మామగారు కర్రతో ఒక మట్ట ఎత్తి, కింద చెయ్యి పెట్టి చూశారు. మట్టి ముద్దగా వేళ్లకి అంటుకుంది. పక్క వరసలోనూ అంతే. గట్టు పక్కన, ఎప్పుడూ నెర్రెలిచ్చే చోట కూడా అంతే.

"చూడ్డానికి మాత్రం అసహ్యంగా ఉంది" అన్నారు. మర్నాడు బస్సు వేళ కనుక్కొచ్చింది ఆయనే.

బస్సులో కండక్టర్, "పెద్దమ్మా, కిటికీ పక్కకి జరగండి, నీడ బయటికి పడేలా. సీటు తడిస్తే నన్నంటారు" అన్నాడు. అత్తగారు బుద్ధిగా జరిగింది. రోడ్డు వెంట సన్నటి తడిచార గీసుకుంటూ బస్సు వెళ్లిపోయింది.

అత్తగారిని బస్సెక్కించి వస్తుంటే తిరుగుదారిలో సాయంత్రపు ఎండ వీపు మీద పడుతోంది. కోడలు ఏమరుపాటున నడుస్తోంది. ముందు నడుస్తున్న మొగుడి చెప్పు జర్రున జారింది. అతను ఆగి, తడినేల చూసి, ఆ తడి వెంబడే ఆమె పాదాల దాకా చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"వేసవి మొదట్నుంచి."

"అంటే పందెం కాసేటప్పటికే..."

"ఊఁ."

అతను చెప్పు దులుపుకుని వెనక్కొచ్చి, ఆమె పక్కన పొడినేల మీద నడక సాగించాడు. ఇల్లు కనిపించాక ఆమె వైపు తిరిగాడు.

"నా చెప్పులు చూసి నాన్న అడిగితే, దారిలో వాన పడిందని చెప్తాలే" అన్నాడు.