తుడిచేసిన అంచులు

ఆదోనిలో సుబ్బరామయ్య పత్తి మిల్లుకు కంప్యూటర్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, తెరకు కుంకుమ బొట్టు పెట్టి, పైన గుడ్డ కప్పేశారు. ఆ గుడ్డ తీసే ధైర్యం చేసింది శాంతాబాయి ఒక్కతే. ఆ ఊరి బడిపంతులు శ్రీపాదరావు కూతురు, బి.ఎస్సీ. చదివి మిల్లు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. పెట్టెతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకం ముందేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని, నెలల మీద నేర్చుకుంది. మిల్లు లెక్కలన్నీ అందులోకి ఎక్కించింది.

భోజనాల వేళ ఆఫీసు ఖాళీ అయ్యాక మాత్రం ఆ తెర మీద వేరే పని నడిచేది. గేటు కాపలా దేవేంద్రప్ప వచ్చి పక్కన స్టూలు వేసుకునేవాడు. ఆయన ఎమ్మిగనూరు నేతగాడు. కళ్లు మసకబారాక మగ్గం అమ్మేసి ఈ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. తాతల నాటి చీర అంచులు ఆయన చేతుల్లోనే మిగిలాయి. కళ్లు మూసుకుని, మగ్గం ముందున్నట్టే చేతులాడిస్తూ, "రెండు పోగులెత్తు, ఒకటి వదులు, మళ్లా మూడు" అని చెబుతుంటే, శాంతాబాయి తెర మీద చుక్కలు పెట్టేది. చింతాకు అంచు, చీమలబారు, జొన్నకంకి. ఒక్కొక్కటి కుదరడానికి వారాలు పట్టేది. ఆకుపచ్చ తెర మీద అంచు నిండుగా పరుచుకున్న రోజు దేవేంద్రప్ప ముఖం దగ్గరగా పెట్టి చూసి, "ఇదేనమ్మా, ఇదే!" అనేవాడు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో బొంబాయి నుంచి కొత్త కంప్యూటర్ దిగింది, లెక్కలన్నీ అందులోకి మారాయి. పాతదాన్ని ఎమ్మిగనూరు చీరల వ్యాపారి ఇంద్రసేనయ్యకు అమ్మడానికి మాటయింది. శనివారం పొద్దున్నే సుబ్బరామయ్య శాంతాబాయిని పిలిచాడు.

"మన లెక్కలు ఒక్కటి గూడా దాంట్లో ఉండకూడదు. అంతా తుడిచేసి, ఆ డాస్ అంటారే, పెట్టెను నడిపేది, అది మళ్లా కొత్తగా ఎయ్యి. మధ్యాన్నం పూట నువ్వు గీస్తాండే ఆ అంచులు మాత్రం ఫ్లాపీలోకి తీసిపెట్టి, తర్వాత దాంట్లోనే పెట్టు."

"అవి ఏంటికి సావుకారూ?"

"ఆయప్ప కొంటాండేదే వాటి కోసం."

శాంతాబాయికి అర్థమయ్యేలోపే ఇంద్రసేనయ్య రానే వచ్చాడు. ఆయన వెనకే సుబ్బరామయ్య అల్లుడు, నలగని చొక్కాతో. తెర మీద చింతాకు అంచు చూపించమంటే చూపించింది. ఇంద్రసేనయ్య నోరు తెరుచుకుని చూశాడు. "ఎవరప్పా దీన్ని గీసింది?"

"మా అల్లుడే," అన్నాడు సుబ్బరామయ్య. "రాత్రింబగళ్లు కూచొని గీసినాడు."

అల్లుడు నవ్వాడు. ఆ పెట్టెకు మీట ఎక్కడుందో కూడా అతనికి తెలియదు.

"సావుకారూ, అవి దేవేంద్రప్పవి," అంది శాంతాబాయి. "ఆయన చెప్తే నేను గీసినాను."

సుబ్బరామయ్య ఆమెను పక్క గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "గేటు కాడ ముసిలోడు చెప్తే, నువ్వు టైపు కొట్టినావు. పెట్టె ఎవరిది? కరెంటు ఎవరిది? నీకు జీతమిచ్చేది ఎవరు? నోరు మూసుకొని పని చూడు. వాళ్లు కాఫీ తాగొచ్చేలోపల అయిపోవల్ల."

వాళ్లు ముగ్గురూ హోటలుకు వెళ్లారు. శాంతాబాయి వచ్చి కుర్చీలో కూర్చుంది. చెవులు భగభగ మండుతున్నాయి. డాస్ ఫ్లాపీ పెట్టి మిషన్ ఆపి మళ్లీ వేసింది. అంచులు దాచాల్సిన ఖాళీ ఫ్లాపీలు బల్ల మీద ఉన్నాయి. వాటి వైపు చేయి చాచి వెనక్కి తీసుకుంది. 'రాత్రింబగళ్లు గీసినాడంట. గీయనీ, ఇప్పుడు గీయనీ!' అనుకుంటూ ఫార్మాట్ అని కొట్టింది. ఉన్నదంతా పోతుంది, సరేనా అని తెర అడిగింది. సరేనన్న అక్షరం మీద వేలు బలంగా గుద్దింది. పెట్టె లోపల గరగరమని చాలాసేపు తిరిగింది. తర్వాత డాస్ మళ్లీ ఎక్కింది. తెర శుభ్రంగా, ఖాళీగా, కొత్తదానిలా నిలబడింది.

"యాడ అంచులు?" అన్నాడు తిరిగొచ్చిన సుబ్బరామయ్య.

"మీ అల్లుడు గీసినాడు గదా, మళ్లా గీస్తాడులెండి."

సుబ్బరామయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంద్రసేనయ్య ఒకసారి అల్లుడి వైపు చూసి, చెప్పులేసుకుని, బేరం వదిలేసి వెళ్లిపోయాడు. "రేపటినుంచి ఈ గడప తొక్కొద్దు!" అన్న కేక వెనక వినబడుతుండగానే శాంతాబాయి గేటు దాటింది. అక్కడ దేవేంద్రప్ప లేచి నిలబడి, "ఏమాయ శాంతమ్మా?" అన్నాడు. ఆమె కోపంలో ఆగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం, దేవేంద్రప్ప ఊళ్లో ఇంటి దగ్గరే ఉంటాడు. శాంతాబాయి పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. దారి పొడుగునా సుబ్బరామయ్య ముఖం తలుచుకుని పళ్లు కొరుకుతూనే ఉంది. జరిగినదంతా ఒక్క ఊపున చెప్పి, "ఒక్కటి గూడా దక్కనియ్యలేదప్పా!" అంది గర్వంగా.

దేవేంద్రప్ప కదలకుండా విన్నాడు.

"అన్నీ తుడిచినావా?"

"అన్నీ."

"చింతాకు గూడా?"

అవునని తలూపబోయి ఆమె ఆగిపోయింది.

"ఎలుక మీద కోపానికి ఇంటికి నిప్పు పెడతారా అమ్మా?" ముసలాయన గొంతు పెద్దదైంది. "వాడు దొంగే. నన్ను అడక్కుండా అమ్మబోయినాడు. నువ్వు? నువ్వు అడిగినావా? గేటు కాడనే ఉంటిని గదా! కేకేస్తే వినపడేంత దూరంలో ఉంటిని గదా! అవి వానివీ గాదు, నీవీ గాదు."

"వాడు తన అల్లుడి పేరు..."

"పేరు పోతే పోనీ! అంచు ఉండేది. ఎవడో ఒకడు నేసేటోడు. ఇప్పుడేముంది? చేతులు గూడా మరిసిపోతాండాయి, మళ్లా సెప్పమంటే నాకు వస్తుందా?"

 సుబ్బరామయ్య మీద మండుతున్న మంట అలాగే ఉంది, కాని అందులో ఇప్పుడు శాంతాబాయి తనూ కాలుతోంది. అరవాలనిపించింది, ఎవరి మీదో తెలియలేదు.

లోపల్నుంచి ఆయన భార్య తిప్పమ్మ వచ్చింది. చేతిలో పాత చీర. "అరిసింది చాలు. ఊరంతా ఇంటాంది. ఇది నా పెండ్లినాటిది, నువ్వే నేసినావు. చీమలబారు ఉందో లేదో సూడు."

దేవేంద్రప్ప చీర కొంగు కళ్లకు ఆనించుకుని చూశాడు. అంచు చాలాచోట్ల చిరిగి పోగులు లేచిపోయింది. చేతికందినంత మేర వేళ్లతో తడిమాడు.

"సగమే ఉంది."

"ఆ సగం రాసుకుంటానప్పా," అంది శాంతాబాయి.

"రాసుకో. నా కోపం పోయిందనుకునేవు, పోలేదు." ఆయన ఆమె వైపు చూడకుండానే చీరను చాప మీద పరిచాడు. "గళ్ల కాగితం కొనుక్కోని రా. పో. ఆదివారం గదా, అంగడి తొందరగా మూసేస్తారు."

శాంతాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.