వడ్డించిన తూకం

జనవరి ఎనిమిదో తేదీ, సోమవారం, ఉదయం ఆరున్నర. మా వంటింట్లో హాజరైనవారు నా భర్త, మా అత్తగారు, మా అమ్మాయి. నేనూ ఉన్నాను, క్యాబేజీ తరుగుతూ. ఆ పూట జరిగిన తీర్మానం ఒక్కటే: పన్నెండు వారాల తర్వాత జరగబోయే జట్టు ఎంపిక పందెం దాకా అమ్మాయి నిప్పు తగిలిన పదార్థమేదీ ముట్టదు. ప్రతిపాదించినది నా భర్త. నోటినిండా అరటిపండుతో బలపరిచినది అమ్మాయి. వ్యతిరేకించినది మా అత్తగారు ఒక్కరే. మనిషి నిప్పు కనిపెట్టి ఇన్ని వేల ఏళ్ళయితే ఇవాళ మా ఇంట్లో ఆర్పేస్తున్నారా అని ఆవిడ అడిగారు. తీర్మానం నెగ్గింది.

నా భర్త ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. కుర్రతనంలో పదిహేను వందల మీటర్లు పరుగెత్తి, మోకాలు దెబ్బతిని, ఈల మెడలో వేసుకున్న మనిషి. పచ్చి తిండి తిని పతకాలు తెచ్చుకున్నవాడొకడు ఏదో శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం విని వచ్చారు. ఆయన ఉత్సాహంలో కపటం ఉండదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చే మనిషి, అమ్మాయి పరుగెడుతుంటే ట్రాక్ అవతల గాలిలో తనూ కాళ్ళాడించే మనిషి. ఆ ఉదయం నా భుజం తట్టి, "నీకూ విశ్రాంతే కదే. పన్నెండు వారాలు పొయ్యికి సెలవు" అన్నారు. నిజంగానే నాకు వరమిస్తున్నాననుకున్నారు.

పచ్చి తిండికి వంట ఉండదనుకునేవాళ్ళు దాన్ని తయారు చేసి ఉండరు. గింజలు ముందురోజే నానబెట్టాలి, గుడ్డలో కట్టాలి, మూడు పూటలా కడగాలి, ఒక్క పూట మరిస్తే వాసన వేస్తాయి. ప్రతి ఆకునూ ఉప్పునీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. క్యారెట్లు గీరాలి, బీట్‌రూట్ తురమాలి, బాదంపప్పుల తోలు వలవాలి, రసం పిండాలి, పిప్పి వడగట్టాలి, అన్నీ తూచాలి. పూర్వం ఇంటిల్లిపాదికీ వండడానికి నాకు గంటన్నర పట్టేది. ఇప్పుడు నాలుగు గంటల పది నిమిషాలు; గడియారం చూసే చెబుతున్నాను. పొయ్యికి మాత్రం సెలవు రాలేదు. నోట్లో ఉన్న నాలుగు పళ్ళతో క్యారెట్ మీద యుద్ధానికి వెళ్ళలేనని మా అత్తగారు మొదటి రోజే తేల్చి చెప్పారు. మాస్టారు కూతురి పక్కన కూర్చుని సంఘీభావంగా మొలకలు నమిలి, ఆమె మైదానానికి వెళ్ళగానే తల్లి పక్కకు చేరి ఉడికిన దుంపలు తినేవారు. పట్టుబడినప్పుడల్లా అమ్మ బలవంతం చేసిందని ఆయన, నేనెప్పుడు చేశానురా అని ఆవిడ. ఆ తల్లీకొడుకుల తగవు వినడానికి నాకు ముచ్చటగానే ఉండేది.

ఈ పనుల మధ్య నా పని ఒకటుంది. విశ్వవిద్యాలయం అచ్చువేసే పుస్తకాల చివర పదసూచికలు తయారు చేస్తాను. ఏ మాట ఏ పేజీలో ఉందో, ఆరువందల పేజీలు చదివి అకారాదిగా పేర్చే పని. గది తలుపు వేసుకుని ఒంటరిగా చేసుకోవచ్చు గనక పాతికేళ్ళుగా నాకు నచ్చిన పని. ఇంటికి ఎవరొచ్చినా మాస్టారు నన్ను గర్వంగానే పరిచయం చేస్తారు: మా ఆవిడ చాలా చదువుకుంది, ఇంట్లోనే ఖాళీగా కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటుంది అని. ఆ 'ఖాళీగా'ను ఎన్నోసార్లు దిద్దాలనుకున్నాను. అచ్చయిపోయిన తప్పుని దిద్దడం కష్టం.

అమ్మాయిని మేం పిడుగు అంటాం. పదిహేడేళ్ళు. దాని కోచ్ ఒక స్త్రీ, మాట కరుకు, లెక్క ఖచ్చితం. వారానికొక చీటీ పంపుతుంది: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, 'తిన్నది' అన్న శీర్షిక కింద పదార్థం, గ్రాములు. అడుగున 'తండ్రి లేదా సంరక్షకుడి సంతకం' అని అచ్చు గీత. రాసేది నేను, సంతకం ఆయనది. మూడో వారం తల్లిదండ్రుల సమావేశం నుంచి మాస్టారు వెలిగిపోతూ వచ్చారు. మన చీటీలు చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలని కోచ్ అందరి ముందూ అందట. 'మన' చీటీలు. నాకూ సంతోషం కలిగింది. కాస్త ఎక్కువే కలిగింది.

మొదటి మూడు వారాలూ పిడుగు తేలికపడింది, వేగం పెరిగింది. ఆయన ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగారు. ఆరో వారం నుంచి వేగం వెనక్కి జారింది. తొమ్మిదో వారానికి పదిహేను వందల మీటర్లకు పదకొండు సెకన్లు ఎక్కువ పట్టింది. మిట్టమధ్యాహ్నం స్వెట్టర్ వేసుకుని కూర్చునేది. కోచ్ చీటీలు తిరగేసి, తిండిలో లోటు లేదు గనక లోటు మనసులోనే ఉందని నిర్ణయించి, రోజుకు నాలుగు చుట్లు పెంచింది. ఇంకొంచెం కష్టపడాలమ్మా అని తండ్రి కూడా బుజ్జగించారు. అది తల ఊపి బూట్ల తాళ్ళు కట్టుకుంది. దాన్ని సోమరి అనడానికి సాక్ష్యం నా చేతిరాతే అని అప్పటికి నాకు తెలియదు.

పదో వారం శుక్రవారం ఉదయం స్నానాలగదిలో అలమర సర్దుతుంటే, జనవరిలో నేను కొన్న నెలసరి ప్యాడ్ల పొట్లం విప్పకుండా దొరికింది. పిడుగు తల దువ్వుకుంటోంది. నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగాను. రెండు నెలలుగా లేదంది. పందెం ముందు ఆ గొడవ లేకపోవడమే మంచిది కదా అంది. ఆకలి వేస్తోందా అని అడిగాను.

"ఏమో అమ్మా. నమిలి నమిలి దవడలు లాగేస్తాయి, కడుపు నిండిపోయినట్టుంటుంది. గంటకల్లా మళ్ళీ ఖాళీ."

"మరి పళ్ళెంలో పెట్టిందంతా తింటున్నావుగా?"

అది దువ్వెన ఆపి నా వైపు వింతగా చూసింది. "సగమేగా తినేది. మిగతాది నువ్వే కదమ్మా తినేస్తున్నావు."

అవును. పది వారాలుగా ప్రతి పూటా అది వదిలేసిన పళ్ళేన్ని సింకు దగ్గరికి తీసుకువెళ్ళి, ఇంటికి వీపు పెట్టి, నిలబడే తిన్నాను. నాలుగు గంటలు గీరి, తురిమి, వలిచినదాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేయి రాదు. మా అమ్మ అలాగే తినేది, మా అత్తగారూ తన కాలంలో అలాగే తిన్నారు. ఆ తిండికి పళ్ళెం ఉండదు, వేళ ఉండదు, తిన్నావా అని అడిగేవాళ్ళుండరు. చీటీలో దానికి గడి లేదు, నేను గీయలేదు. ఆరువందల పేజీల్లో తప్పిపోయిన ఒక్క మాటను పట్టుకునే నేను, వడ్డించినప్పటి తూకాన్ని 'తిన్నది' కింద రాశాను. నేను తిన్నదాన్ని ఒక మనిషి తిన్న తిండిగా లెక్కించే అలవాటు నాకే లేదు. జాకెట్టు కుట్లు రెండుసార్లు విప్పుకున్నాను. పథ్యం పిల్లకి, పుష్టి తల్లికి అని మా అత్తగారు వేళాకోళం చేస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. ఆవిడ అన్నది అక్షరసత్యం.

ఆ రోజు మూడు పూటలా మిగిలినదాన్ని తినకుండా తూచాను. సగం కంటే కాస్త ఎక్కువే మిగిలింది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పోషణశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేశాను. వారానికి ఎనభై కిలోమీటర్లు పరుగెత్తే పిల్లకు కావలసిన శక్తిలో దాని ఒంటికి అందుతున్నది సగం కూడా లేదు. పెట్టిందంతా తిన్నా చాలేది కాదు. ఆకులూ కాయలూ కడుపులో చోటు తింటాయి, బలం కొద్దిగానే ఇస్తాయి. నిప్పు మెత్తబరచిన దుంప, గింజ, గుడ్డు ఒంటికి తేలిగ్గా పడతాయి. పండ్లూ మొలకలూ భోజనానికి మంచి తోడు, కాని శిక్షణలో ఉన్న ఎదిగే పిల్లకు అవే భోజనం కావు. రోజంతా కుర్చీలో కూర్చునేదానికి మాత్రం ఆ ఆహారం అద్భుతంగా అమరిందనడానికి నేనే నిదర్శనం.

శనివారం ఉదయం మాస్టారు సంతకానికి కలం తీసుకుని వచ్చారు. చీటీ బదులు కోచ్‌కు నేను రాసిన ఉత్తరం చదివారు. రెండుసార్లు చదివి కుర్చీలో కూర్చున్నారు. ఇది ఇస్తే పది వారాలు అబద్ధాలు రాశామంటారని, పదిహేను రోజుల్లో పందెం పెట్టుకుని పిల్లను తీసేస్తారని నెమ్మదిగా అన్నారు. ఇవాళ్టి నుంచి మామూలుగా వండి పెట్టి ఊరుకుంటే చాలదా అని కూడా అన్నారు. కోపం లేదు, భయం ఉంది. నాకూ ఉంది. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆ పిల్ల ఈ ఒక్క పందెం కోసం తెల్లవారకముందే లేస్తోంది.

"ఊరుకుంటే ఆ నాలుగు చుట్లు అలాగే ఉంటాయండీ. దీనికి మనసు లేదన్న మాట కూడా అలాగే ఉంటుంది," అన్నాను. "రాసింది నేను. సంతకం కూడా నేనే పెడతాను."

ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నేను అక్కడే కూర్చుని తిన్నాను కదే రోజూ," అన్నారు చివరికి. "దాని పళ్ళెం ఎటు పోతోందో ఒక్కసారీ చూడలేదు."

తర్వాత లేచి గిన్నెలో గుడ్లు వేసి, మెడలోని స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకుని, ఎన్ని నిమిషాలని అడిగారు. మా అత్తగారు పడక కుర్చీలోంచే, ముందు నీళ్ళు పోయరా నాయనా అన్నారు.

ఉత్తరాన్ని పిడుగు చేతికిచ్చాను. దాని ఒంటి సంగతి దాని అనుమతి లేకుండా బయటికి వెళ్ళడం నాకిష్టం లేదు. పది వారాల చీటీల్లో ఉన్నది వడ్డించిన తూకమని, అందులో సగానికి పైగా తిన్నది తల్లినైన నేనని, అమ్మాయికి రెండు నెలలుగా నెలసరి లేదని, సోమవారం డాక్టరమ్మ చూసేదాకా పరుగు ఆపించాలని, మందగించింది దాని మనసు కాదని అందులో ఉంది. అది గోడకు ఆనుకుని చదివింది. తీసేస్తారమ్మా అంది. తీసేయవచ్చు అన్నాను. కాగితం నాకు తిరిగి ఇవ్వలేదు. పెదవి కొరుక్కుంటూ, కుడికాలు మెల్లిగా నేల మీంచి ఎత్తింది.

"కాలి నొప్పి గురించి కూడా రాయి," అంది. "నెల నుంచి. ఎముక మీద. సోమరిని అంటారని చెప్పలేదు."

దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నా ఒళ్ళోకి తీసుకుని, కాగితం దాని చేతిలోంచి తీసుకుని, ఆ కాలికి ఆనకుండా అట్ట మీద పెట్టుకుని, ఆ ఒక్క వాక్యం చేర్చాను. కింద 'తల్లి' అని రాసి, పూర్తి పేరుతో సంతకం చేసి, మూడు మడతలు పెట్టి, దాని సంచి పై జేబులో ఉంచి జిప్పు వేశాను.