కాలువగట్టు గబ్బిలాలు

గాలివానకు కాలువగట్టు మీది చెట్లన్నీ వరసగా కూలిపోయిన నాటి నుంచి కోడలికి కంటిమీద కునుకు లేదు. ఆమె గబ్బిలాల మీద పరిశోధన చేసే మనిషి. ఆ చిన్న ఊళ్లో మూడు జాతులు ఏ గొడవా లేకుండా వేట పంచుకుని బతుకుతున్నాయని ఆమెకు తెలుసు. పెద్దవి మిద్దెల పైన ఎత్తుగా ఎగురుతూ పురుగులు పడతాయి, బుల్లివి కాలువ నీళ్లను తాకీ తాకనట్టు తిరుగుతాయి. మధ్యరకానివాటికి చెట్ల అంచే ఆధారం. ఇప్పుడు ఆ అంచే లేదు. అవి నీళ్ల మీదికి ఎగబడి బుల్లివాటి నోటిదగ్గర కూడు లాక్కుంటాయో, అసలు ఊరే వదిలిపోతాయో అని ఆమె బెంగ.

భర్త పనిమీద పొరుగూరు వెళ్లాడు. పొద్దు వాలే వేళ కోడల్ని ఒక్కదాన్నే గట్టుకు పంపడం ఇష్టంలేక అత్తగారు వెంట బయల్దేరింది. గబ్బిలం జుట్టులో చిక్కుకుంటుందని ఆవిడకు చచ్చేంత భయం. చినుకు లేకపోయినా గొడుగు తెరిచి పట్టుకుంది. అవి జుట్టు జోలికి రావని కోడలు చెబితే తలూపింది కానీ గొడుగు మాత్రం దించలేదు.

మన చెవికి అందని గబ్బిలాల కూతల్ని వినిపించే చిన్న యంత్రం కోడలి చేతిలో ఉంది. నీళ్ల వైపు తిప్పితే బుల్లివాటి చిటపటలు జోరుగా వినిపించాయి. పైకెత్తితే పెద్దవాటి టప్పుటప్పులు. కూలిన మొద్దుల దగ్గర చడీచప్పుడూ లేదు.

"పోయాయత్తయ్యా," అంది నీరసంగా.

"రెక్కలున్నవి, ఎక్కడో ఓచోట వాలుంటాయి. ఊరంతా చూడకుండానే పోయాయంటావేంటి?" అంటూ అత్తగారు ముందుకు నడిచింది.

బడి గోడ వెంట వెతికారు, లేవు. లాండ్రీ వెనక సందులో మనిషెత్తు కంచెమొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. అటు తిరగ్గానే యంత్రం మధ్యరకానివాటి కూతలతో గలగలమంది. తర్వాత బర్రుమంది. కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పురుగును పట్టబోయేటప్పుడే గబ్బిలాలు అలా కూస్తాయి.

చప్పుడు విని లాండ్రీ ఆయన బయటికొచ్చాడు. గాలివాన తర్వాత నుంచీ రోజూ ఈ వేళకు గబ్బిలాలు వస్తున్నాయని, ఆదివారం కంచె నరికించేస్తే వాటి పీడ విరగడవుతుందనుకున్నానని చెప్పాడు. కోడలు సంగతంతా వివరించి బతిమాలుకుంది. దోమలు కూడా తింటాయని తెలిసేసరికి, అలాగైతే కంచె జోలికి పోనన్నాడు.

కోడలు లాండ్రీ మెట్టు మీద చతికిలబడి భర్తకు ఫోన్ చేసింది. అతను పలకగానే ఒక్కసారిగా ఏడ్చేసింది. అవతల అతను కంగారుపడుతుంటే అత్తగారు ఫోన్ అందుకుంది.

"ఏం కాలేదురా. గబ్బిలాలు క్షేమంగా ఉన్నాయి, అందుకే ఏడుస్తోంది."