ఎలిశబెతు పాట

జకరయ్య ఉప్పుమడిలో వంగి, పొడుగు కర్రకు బిగించిన పలకతో ఉప్పును గట్టు మీదికి లాగుతున్నాడు. పొద్దెక్కేసరికి కాళ్ల కింది నీళ్లు కాలడం మొదలుపెట్టాయి. కాసేపటికొకసారి ఆగి, కర్రకు రొమ్ము ఆనించి దగ్గేవాడు. మనవరాలు ఏసుమణి గంపతో వచ్చి, ఆ దగ్గు ఆగేదాకా నిలబడి, ఉప్పు ఎత్తుకుని పోయేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం అది. తర్వాత ఎన్నేళ్లకు తాత గుర్తొచ్చినా ఏసుమణికి ముందు ఆయన వేళ్లే కనపడేవి. ఉప్పునీళ్లకు పగిలి, గోళ్లు అరిగి, కణుపుల దగ్గర ఉబ్బిన వేళ్లు. పని దిగి వచ్చాక ఆముదం రాసుకుని ఆ వేళ్లనే హార్మోనియం మెట్ల మీద పెట్టేవాడు. ఇస్కపల్లి చుట్టుపక్కల పేటల్లో ఆ పెట్టె వాయించడం వచ్చినవాడు ఆయనొక్కడే. చర్చిలోనైనా, పెళ్లిలోనైనా, సమాధి దగ్గరైనా, పిలిస్తే కాదనేవాడు కాదు.

వయసులో ఉన్నప్పుడు సంగం ఊళ్లో ప్రార్థన కూటాలకు వాయించడానికి పోయాడు. ఇంటి దగ్గర భార్య ఎలిశబెతుకు జ్వరం. కబురంది పరుగున వచ్చేసరికి ఆమె మీద కప్పిన మట్టి కూడా ఆరిపోయింది. పెట్టె లేదు, పాట ఎత్తుకునేవాడు లేడు. ఉత్త ప్రార్థనతో పూడ్చేశారు. ఆయన కొడుకు తాను పోయేదాకా ఆ సంగతి మరిచిపోలేదు. కోడలు, ఏసుమణి తల్లి నవోమి జకరయ్యను మరవనివ్వలేదు.

ఆ రోజు జాలర్లుండే పట్టపుపాలెం నుంచి పెంచలయ్య గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. తెల్లారుజామున వాళ్లమ్మ పోయింది. చేపలమ్మి తిరిగొచ్చేటప్పుడు ఆ ముసలిది తట్ట దించుకుని చర్చి గోడ పక్కన కూర్చుని పెట్టె వినేదట. పాడె ఎత్తేముందు కాసేపు వాయించమని అడగడానికి వచ్చాడు. జకరయ్య పలక గట్టు మీద పెట్టి ఇంటికి నడిచాడు.

నవోమి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“నీకే ఊపిరాడటం లేదు. వాళ్ల పీనుగ కాడ నీకేం పని మామా?”

ఆయన పక్కనుంచి దూరి లోపలికి పోయాడు. పెట్టె ఏసుమణి నెత్తికెత్తుకుంది.

పాలెంలో పాడె కట్టడం అయిపోయింది. చనిపోయినామె మరిది మాలకొండయ్య లేచి వచ్చి దారి ఆపాడు. తమ మనిషిని సాగనంపడానికి పరాయి దేవుడి పాటలు అక్కర్లేదన్నాడు. పెంచలయ్య ఏదో సర్దిచెప్పబోయాడు గానీ జకరయ్యే ముందుకొచ్చాడు.

“మాట ఒక్కటి కూడా పాడనయ్యా. ఉత్త పెట్టె వాయించి పోతా.”

మాలకొండయ్య పీనుగ వైపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

జకరయ్యకు ఒక చేత్తో పెట్టె గాలితిత్తి కొట్టే సత్తువ లేదు. ఏసుమణి తిత్తి ఆడిస్తుంటే రెండు చేతులతో మెట్లు నొక్కాడు. తేమగాలికి చెక్క ఉబ్బి కొన్ని మెట్లు నొక్కితే పైకి రావడం లేదు. వాటిని గోటితో లేపుతూ వాయించాడు. ఆడవాళ్ల ఏడుపు ఆగలేదు. అది సన్నగిల్లినప్పుడల్లా కింద ఆ రాగం వినిపించింది. ఏసుమణి ఎన్నడూ విననిది.

తిరిగి వచ్చే దారిలో అడిగింది.

“ఏం పాట తాతా అది?”

“మీ అవ్వకు కట్టినా.”

“అవ్వ సమాధి కాడ వాయించి ఉండొచ్చు గదా.”

“మట్టికి వాయించేదెట్టమ్మా? మనిషి కనపడతా ఉండాల. ఈ పొద్దు ఆ ముసలామె మొగం తెరిచి పెట్టినారు.”

ఇంటికొచ్చి బావి దగ్గర నీళ్లు పోసుకున్నాడు. గంజి ఇమ్మని అడిగి చాప మీద ఒరిగాడు. ఏసుమణి గిన్నెతో వచ్చేసరికి గోడ వైపు తిరిగి ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. తర్వాత గిన్నె కింద పెట్టి అమ్మను కేకేసింది.

మరునాడు పూడ్చేటప్పుడు నవోమి పట్టుబట్టి పెట్టెను సమాధి దగ్గరికి తెప్పించింది. దాని మూత తీసేవాడు లేడు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. తలా ఒక శ్రుతిలో అందుకుని, ఒక చరణం కాగానే ఎవరికి వారే ఆగిపోయారు. మట్టి పడుతున్న చప్పుడు వినపడింది.

అందరూ ఇల్లు చేరాక ఏసుమణి బావి దగ్గరికి వెళ్లింది. నిన్న తాత ఒళ్లు తుడుచుకుని కంచె మీద ఆరేసిన తుండుగుడ్డ అక్కడే ఉంది. ఎండకు బిరుసెక్కి, పిండినప్పుడు పడిన మెలికలు పోకుండా, ఆయన పట్టుకున్న చోట పిడికిలంత మేర నలిగి ఉంది.