గట్టు చూసి చేసిన పెళ్లి

ఆవపల్లి చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లి మాట లేచినా ముందు వెంకమ్మ దగ్గరికే వచ్చేవారు. ఎవరిది ఏ గట్టో, ఎవరు ఎవరికి ఏ వరసో ఆమెకు నోటికొచ్చు. గట్టంటే అక్కడివాళ్లకు గోత్రం లాంటిది; ఒకే గట్టువాళ్లంటే ఒకే రక్తం, పెళ్లి కుదరదు. గట్టు వేరైతే రక్తం వేరు, నిశ్చింతగా మేళం పిలుచుకోవచ్చు. కొడుకు లక్ష్మణ్‌కీ అలాగే చూసి చేసింది. పిల్ల ఎవరనుకున్నారు? సొంత అన్న కూతురు రేణుకే. పుట్టింటిది మూడో గట్టు, అత్తింటిది ఐదో గట్టు. ఇంతకన్నా పక్కా సంబంధం జిల్లాలోనే లేదని ఆమె చెప్పుకోని రోజు లేదు.

అందుకే, కడుపుతో ఉన్న రేణుకకూ లక్ష్మణ్‌కూ ఇద్దరి రక్తంలోనూ సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బు లక్షణం ఉందని బీజాపూర్ ఆసుపత్రిలో సిస్టర్ కృష్ణకుమారి చెప్పగానే వెంకమ్మ కొట్టిపారేసింది.

"సీసాలు మారినయేమో చూడు సిస్టరమ్మా. గట్లు వేరైతే రక్తం ఒకటెట్ల అయితది?"

"మారలేదు. కావాలంటే నీది కూడా చూస్తా, చెయ్యి చాపు."

వెంకమ్మ ధీమాగా చాపింది. ఆమెకూ ఉంది. తల్లిదండ్రుల నుంచి అన్నకూ చెల్లెలికీ వచ్చింది. అన్న కూతురికిచ్చాడు, చెల్లెలు కొడుక్కిచ్చింది. వేరువేరు గట్లలోకి ఒకే రక్తం తన చేతి మీదుగానే వెళ్లిందని తెలిసి, ఆమె వేళ్ల మీద గట్లు మళ్లీ లెక్కపెట్టుకుంది.

సిస్టర్ విడమరిచి చెప్పింది. భార్యాభర్తలకు భయం లేదు. బిడ్డకు ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. రాయపూర్ వెళితే కడుపులో ఉండగానే పరీక్ష చేస్తారు. ఆపైన ఉంచుకోవడమా మానడమా అన్నది వాళ్ల ఇష్టం.

"అట్లనే ఆడో మగో గూడ చెప్తరా?" వెంకమ్మ లెక్క ఆపి అడిగింది.

"చెప్తే నాకు జైలే," అంది సిస్టర్.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. ఆ జబ్బే ఉన్న మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. సన్న, వెంకమ్మ తమ్ముడు. ఎముకల్లో నొప్పి లేస్తే మంచం దిగడు, తగ్గితే ఊరందరినీ నవ్విస్తాడు. నీళ్లు బాగా తాగాలని డాక్టరు చెప్పిన నాటి నుంచి వెంకమ్మ చెంబు పట్టుకుని అతని వెంటే తిరుగుతుంది.

అలాంటిది, అతని ఎదుటే అనేసింది. "పోయి ఆ పరీక్ష చేపిద్దాం. సన్న అసుంటిదే అయితే మనకొద్దు."

అన్నాక నాలుక కరుచుకుంది.

"అమ్మ కాలంల ఈ పరీక్ష లేకపాయె," అన్నాడు సన్న, ఎండిన ఇప్పపువ్వు చెరుగుతూ. "ఉంటే అక్క వండే చింతపులుసు తప్పిపోయేది నాకు."

రేణుకకు నవ్వు రాలేదు. "చిన్నాయనా, నిజం చెప్పు. పుట్టకుంటేనే బాగుండు అనిపిస్తదా?"

సన్న చేట పక్కన పెట్టాడు. "నొప్పి లేసినప్పుడు అనిపిస్తది. తగ్గినంక, పొద్దుగాల అడివిల పువ్వు ఏరబోతే అనిపియ్యది. రెండూ నిజమే బిడ్డా. నా మొకం చూసి ఉంచుకోకు, నా మొకం చూసి తీపిచ్చుకోకు."

వెంకమ్మ లేచి పెరట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది. తమ్ముడి ముఖం చూడాలంటే సిగ్గేసింది.

పరీక్షకని లక్ష్మణ్, రేణుక, వెంకమ్మ రాయపూర్ ప్రయాణానికి జీపెక్కితే, పట్నం చూస్తానని సన్నా ఎక్కాడు. వెంకమ్మ చెంబు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. జీపు కదిలాక ఉండబట్టలేక కోడలితో అంది: "ఎట్ల పుట్టినా సాకుత. ఒకణ్ణి సాకలేదా?"

"సాకేది నువ్వత్తా. నొప్పి పడేది బిడ్డ. ముందు తెలియనీ. తెలిసినంక నేనూ నీ కొడుకూ ఆలోచించుకుంటం."

"మరి నేనేం చెయ్యాలె?"

"చిన్నాయనకు నీళ్లియ్యి."

ఎన్ని పెళ్లిళ్లకో అవును, కాదు చెప్పిన మనిషి మారు మాట్లాడకుండా చెంబు అందించింది. "నేను నిన్ను వద్దనలేదురా," అంది నెమ్మదిగా.

"అన్నవక్కా." సన్న నీళ్లు తాగి నవ్వాడు. "అన్నవు గానీ, చెంబు మాత్రం ఇడ్వలే."