క్లబ్బు గోడ మీద దూలయ్య

ఆ ఏడు ఆగస్టు వానలకు క్లబ్బు రేకులు కారడం మొదలుపెట్టాయి. పొడిగా ఉన్న ఒక్క మూలనూ పేకాటవాళ్లు వదల్లేదు. అందుకని కమిటీ మీటింగు మా ముందుగదిలో పెట్టారు. మావారు వెంకటరామారావు గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్, క్లబ్బుకి సెక్రటరీ.

క్లబ్బు హాల్లో ఒక గోడ ఆటగాళ్లది. మా కాలనీ వాలీబాల్ టీములో ఆడి మానేసినవాళ్లలో ఒకరి ఫొటోని ఏటా పంద్రాగస్టు నాడు అక్కడ పెడతారు. మావారి ఫొటో ఉంది. కెప్టెన్‌గా చేసిన చెంచురామయ్యగారిదీ ఉంది. ఈసారి దూలయ్యది పెట్టాలని కమిటీలో ఉన్న రూప్‌సింగ్ పట్టుబట్టాడు.

దూలయ్యది దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక కోయగూడెం. అతను బంతి కొట్టే తీరు చూసి అప్పటి మేనేజరు గనిలో పని ఇప్పించాడు. మావారు టీములో లిఫ్టర్. బంతిని నెట్ పైకి లేపి ఇవ్వడం ఆయన పని, దాన్ని అవతలి కోర్టులో దిగ్గొట్టడం దూలయ్య పని.

నేను ఖమ్మంలో బీఏ చదివి, పెళ్లయి ఈ కాలనీకి వచ్చినప్పుడు నాకు మాట్లాడటానికి మనిషి లేడు. చుట్టూ అడవి, మణుగూరు వెళ్లే బస్సు, గని సైరన్. సాయంత్రం ఆడవాళ్లందరం పంపుహౌస్ అరుగు మీద కూర్చునేవాళ్లం. వాళ్లు కబుర్లు చెప్పుకునేవారు, నేను ఆట చూసేదాన్ని. మావారు ఇంట్లో అవసరానికి మించి మాట్లాడరు. కోర్టులో మాత్రం వీపు వెనక వేలు కదిపితే చాలు, దూలయ్య ఎక్కడ ఎగరాలో అక్కడ ఉండేవాడు. అందరికీ ఇచ్చే బంతి వేరు, అతనికిచ్చే బంతి వేరు. జానెడు ఎత్తు ఎక్కువ, నెట్‌కి కాస్త ఎడం. అతను చెప్పుల్లేని కాళ్లతో చప్పుడు లేకుండా లేచేవాడు. బంతి నేల తాకిన చప్పుడే ముందు వినపడేది. ఆ ఇద్దరినీ చూస్తుంటే ఒక్కోసారి నాకు అసూయగా ఉండేది.

మీటింగుకి ముగ్గురొచ్చారు, మావారితో కలిపి నలుగురు. నేను టీ, బిస్కెట్లు ఇచ్చి వంటింట్లో కూర కలుపుతున్నాను.

“కొట్టేవాడు, కాదనను,” అన్నారు చెంచురామయ్యగారు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం, గని స్టోర్సులో ఉద్యోగం. “కానీ ఆటంటే కొట్టడం ఒక్కటేనా? బంతి కింద పడుతుంటే ఎప్పుడైనా వంగాడా? సర్వీసు వేస్తే సగం నెట్‌లోకే.”

“వంగెటోళ్లం మేమున్నం గద,” అన్నాడు రూప్‌సింగ్. అతను ఫిట్టరు, వెనక వరసలో ఆడేవాడు. “ఆయన దిక్కు పడ్డ బంతులన్నీ నేనే లేపిన. నా మోకాళ్లకు లేని నొప్పి నీకెందుకే అన్నా?”

“అది కాదురా. గోడెక్కాలంటే ఆటంతా తెలియాలి.”

“నీ ఫొటో ఉన్నది గద గోడకు. నువ్వేం కొట్టినవ్?”

“కెప్టెన్‌ని రా నేను.”

“అవ్. టాస్ మంచిగ వేస్తుండె.”

ట్రెజరర్ సీతయ్య పెద్దగా నవ్వాడు. చెంచురామయ్యగారు కూడా నవ్వారు గానీ, తేరుకోవడానికి కాస్త సమయం పట్టింది.

“నువ్వేమంటావు సీతయ్యా?” అని అడిగారాయన.

“నాదేముందండీ. ఎటు ఎక్కువమంది ఉంటే అటు. బిస్కెట్లు ఇటివ్వండి.”

“నేనొక్కటే అడుగుత,” అన్నాడు రూప్‌సింగ్. “ఆయన కొడుతుంటే ఆపనీకి అవతల ముగ్గురు లేచేది బ్లాక్‌కు. ఇంకెవరికన్న లేచిండ్రా? ఈ గోడ మీదున్నోళ్లల్ల ఒక్కరి పేరు చెప్పు.”

చెంచురామయ్యగారు టీ జుర్రిన చప్పుడు వినిపించింది. మావారు ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. దూలయ్య సంగతి వచ్చినప్పుడు ఆయన మాట్లాడరని అందరికీ తెలుసు. ఏళ్ల కిందట ఓడిపోయిన ఆ ఫైనల్ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

“సరే, కొట్టడంలో వాడే మొనగాడు, ఒప్పుకుంటున్నా,” అన్నారు చెంచురామయ్యగారు చివరికి. “మరి ఆ ఫైనల్ మాటేమిటి? జీఎం గారు భార్యాపిల్లలతో వచ్చి కూర్చున్నారు. మనం ఐదుగురితో కోర్టులోకి దిగి, పక్కన నిలబడ్డ క్లర్కుని ఆరోవాడిగా లాక్కొచ్చాం. ఎందుకూ? ఈయనగారు చెప్పాపెట్టకుండా పండగ చేసుకోడానికి పోయాడు. టీముని నట్టేట వదిలేసినవాడికి గోడ మీద చోటేంటి?”

“గదొక్కటి నేను గూడ కాదనలేను,” అన్నాడు రూప్‌సింగ్ నెమ్మదిగా. “ఒక్క మాట చెప్పిపోతే అయిపోతుండె.”

నేను గరిటె పక్కన పెట్టాను. చెప్పాపెట్టకుండా అనే మాట నాకు కొత్త. ఇన్నేళ్లూ నేను అనుకున్నది వేరు. అతను చెప్పినా వాళ్లు ఒప్పుకోలేదని, పండగ కోసం ఆట మానడమేంటని కోపం పెట్టుకున్నారని అనుకున్నాను.

ఫైనల్‌కి వారం ముందు దూలయ్య మా ఇంటికి వచ్చాడు. ఆకుదొన్నెలో సారపప్పు తెచ్చాడు. వరండాలో మావారు బూట్లు విప్పుతున్నారు, నేను గడప దగ్గర గోంగూర వలుస్తున్నాను. “పూజారి విత్తనాల పండుగ ఆదివారం పెట్టిండన్నా,” అన్నాడు. వాళ్ల ఊళ్లో ఆ పండుగ మొదలయ్యాక పూజారి అందరికీ విత్తనాలు పంచేదాకా ఊరి మగవాళ్లెవరూ పొలిమేర దాటకూడదు. దాటితే ఆ ఏటి పంటకు చెరుపని వాళ్ల కట్టడి. “ఆట శనివారానికి మార్పియ్యి. లేకుంటే నేను రాలేను. నన్ను నమ్ముకోకు.” మావారు బూట్లు పక్కన పెట్టి, “చూద్దాంలే. నా బంతి లేస్తే నువ్వు ఎక్కడున్నా వస్తావు,” అని నవ్వారు. దూలయ్య నవ్వలేదు. “రాలేనన్నా,” అని మళ్లీ చెప్పి వెళ్లాడు.

తేదీలు పెట్టేది సెక్రటరీ, అప్పుడూ ఆయనే. మావారు ఎవరికీ చెప్పలేదన్నమాట. ఓడిన తర్వాత కూడా.

ఆ ఓటమి తర్వాత దూలయ్యని టీములోంచి తీసేశారు. ఆటగాళ్లకు గని బయట ఇచ్చే పైడ్యూటీ పోయి, గని లోపలికి వేశారు. ఇప్పటికీ లోపలే చేస్తున్నాడు.

గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. మావారు చెబుతారని చూశాను. ఆయన సాసర్‌లోకి చూస్తున్నారు. వాన రేకుల మీద ఒకే తీరుగా పడుతోంది.

“అయితే ఈసారికి వద్దనుకుందామా?” అన్నాడు సీతయ్య.

“ఇంకో పేరు చూద్దాం,” అన్నారు మావారు.

“చెప్పకుండా పోలేదండీ,” అన్నాను.

నలుగురూ తలలెత్తారు. నేనెప్పుడూ ఆ గదిలో టీ ఇవ్వడానికి తప్ప నోరు విప్పలేదు.

“వారం ముందు ఇక్కడికొచ్చి చెప్పాడు. తేదీ మార్చమన్నాడు, లేకపోతే రాలేనన్నాడు. రెండుసార్లు చెప్పాడు. నేను ఇక్కడే ఉన్నాను.”

“ఎవరికి చెప్పాడమ్మా?” అని అడిగారు చెంచురామయ్యగారు, తెలిసి కూడా.

నేను మావారి వైపు చూశాను. చెంచురామయ్యగారూ అటే తిరిగారు. “అవునా రావుగారూ?”

మావారు సాసర్ కింద పెట్టారు. “అవును,” అన్నారు.

రూప్‌సింగ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. “ఇన్నేండ్లు,” అన్నాడు బయటికి చూస్తూ. చెంచురామయ్యగారే, “ఫ్రేము నేను కట్టిస్తాను,” అని గొడుగు తీసుకున్నారు. సీతయ్య బిస్కెట్ల ప్లేటు నా చేతికిచ్చి చెప్పులు వేసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక మావారు గదిలో చాలాసేపు ఒక్కరే కూర్చున్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మరునాటి నుంచి నాతో మాట్లాడటం మానేశారు. డబ్బా కట్టి బల్ల మీద పెడితే తీసుకునేవారు. అసలే తక్కువ మాటలున్న ఇల్లు. ఆ ఉన్నవి కూడా పోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చెప్పినందుకు నాకు బాధ లేదు. మళ్లీ అవసరమైతే అవే మాటలు చెబుతాను. కానీ మధ్యాహ్నాలు గడవడం కష్టంగా ఉండేది.

పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక అందరం హాల్లోకి వెళ్లాం. దూలయ్యకు విడిగా ఫొటో లేదు. టీము గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. ఫ్రేము అంచున పక్కనున్నవాడి భుజం కొంచెం మిగిలింది. అది మావారి భుజం.

దూలయ్య ఉతికిన చొక్కా వేసుకుని, భార్య ఎర్రమ్మతో వచ్చాడు. కాస్త వంగిపోయాడు. బొగ్గు కనురెప్పల అంచుల్లో కాటుకలా నిలిచిపోయింది. ఫొటో వైపు చూసి, “మంచిగొచ్చింది,” అన్నాడు. మావారు దగ్గరికి వెళ్లి చెయ్యి చాచారు. దూలయ్య చెయ్యి కలిపాడు. “నమస్తే సార్,” అని రూప్‌సింగ్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. మావారు ఆ చాచిన చేతిని ఏం చేయాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నారు.

ఎర్రమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది.

“నువ్వే చెప్పినవంట గదమ్మా.”

“అవును.”

“మా ఆయన ఎవ్వలకు చెప్పలే. ఆ ఓటమికి అందరు తిడుతుంటే, నువ్వు సార్‌కు చెప్పినవ్ గద, ఆ మాట నలుగుట్ల చెప్పు అన్న. ఏమన్నడో ఎరుకనా? ఆయనే చెప్తడు, నేను చెప్పుడు బాగుండదు అన్నడు. సూసిండు సూసిండు. తర్వాత సూసుడు బంద్ జేసిండు.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వాన తగ్గింది, పోతామంది. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి వంట చేశాను. మావారు రెండో షిఫ్టుకి వెళ్లాలి, కంచం ముందు కూర్చున్నారు. పప్పు వడ్డించి, ఎర్రమ్మ చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క మాట కూడా కలపలేదు, తీసేయలేదు.

ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

“తెలుసు,” అన్నారు.

ఆ తర్వాత తలెత్తకుండా అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుని, టోపీ తీసుకుని డ్యూటీకి వెళ్లారు. నేను నా కంచం పెట్టుకున్నాను.